అత్తయ్య బుగ్గలో పొగాకు

గురువారం, ఇంట్లో అందరూ పడుకున్నాక

అత్తయ్య పన్ను ఇంకా అలాగే ఉంది. ఇద్దరం మిరప కోత మానుకుని టౌన్లో గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లాం, పళ్ల డాక్టరు గురువారమే వస్తాడని. బస్సు కుదుపులకి ఓర్చుకోలేక అత్తయ్య ఎప్పటిలాగే పొగాకు ముక్క నలిపి నొప్పి పంటి పక్కన పెట్టుకుంది. తీసేయమని చెప్పాలని నాకు తట్టనే లేదు.

నోరు తెరవగానే డాక్టరు ముఖం చిట్లించాడు.

"ఎన్నాళ్ల నుంచి నములుతున్నావమ్మా?"

"నమలనయ్యా. నొప్పొస్తే పెట్టుకుంటాను, అంతే."

కుర్చీ దగ్గర లైటు వెలగలేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందన్నాడు. అదేంటో తేలేదాకా పన్ను పీకనని, పొగాకు ఇక ముట్టొద్దని, గుంటూరు వెళ్లి పరీక్ష చేయించమని రాసిచ్చాడు.

మచ్చ నిజంగా భయపడాల్సిందేనా? లేక మమ్మల్ని వదిలించుకోడానికి అలా అన్నాడా? కోప్పడదామంటే ఆయన మాటలో నిజం ఉన్నట్టే ఉంది. నమ్ముదామంటే ఆ వెలుతుర్లో ఆయనకి ఏం కనపడిందో... మా ఆయనేమో "కోతలయ్యాక చూద్దాంలే" అన్నాడు. మచ్చ అప్పటిదాకా ఆగుతుందా?

ఇందాక అత్తయ్య మూలుగుతూ తలగడ కింద పొగాకు కోసం తడుముకుంది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్ర పనిచేయలేదు.

"వద్దత్తయ్యా, డాక్టరు చెప్పాడుగా" అన్నాను.

"మరి పన్ను పీకాడా? ఈ నొప్పికి ఏం పెట్టుకోమంటావే?"

చిన్న ముక్క తుంచి నేనే ఆవిడ చేతిలో పెట్టాను.