కిడ్నీ పొడి డబ్బా

మండవల్లి,
14 ఆగస్టు 2007.

అన్నయ్యగారికి, చెల్లెలు విక్టోరియా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. తాడేపల్లిగూడెంలో మీరూ, వదినా, పిల్లలూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

ముందు మీకు కావలసిన కబురు. స్కాను అయిపోయింది. పేగులో కాస్త వాపు తప్ప ఇంకేమీ లేదట. మాత్రలతో కడుపు నొప్పి సగం తగ్గింది. స్కాను కోసం నరంలోకి రంగు మందు ఎక్కించిన రెండో రోజు రక్తం పరీక్ష చేశారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పాత అంకె దగ్గరే ఉంది. నాలుగేళ్ళ కిందట ఒకటి మీకిచ్చాక మిగిలిన ఈ ఒంటి కిడ్నీ ఆ మందుకు తట్టుకుంటుందా లేదా అని మీరు పడ్డ కంగారు ఇక చాలు.

మీరు పంపిన కిడ్నీ పొడి డబ్బా స్కానుకు వారం ముందే అందింది. రెండు చెంచాలు వేసుకున్నావా అని పొద్దునా సాయంత్రం మీరు ఫోన్ చేయడం, వేసుకున్నానండీ అని నేననడం. మా ఆయన ఒకటే నవ్వు. మీలా చేపల చెరువు మందుల షాపు నడిపేవాళ్ళందరూ ఇంతేనట. చేప నీటిపైకొచ్చి నోరు తెరిస్తే చాలు, ముందు పొడి చల్లించేస్తారు, నీళ్ళ పరీక్ష ఆ తర్వాతే. నన్నూ చెరువు కింద జమకట్టేశారు మీరు!

ఏలూరులో డాక్టరుగారు మంచాయన. స్కానుకు ముందే, కిడ్నీకి మంచివి కావని నా మోకాళ్ళ నొప్పి బిళ్ళలు ఆపించారు, సెలైన్ పెట్టించారు, నీళ్ళు బాగా తాగమన్నారు. నీళ్ళలో కరిగే బిళ్ళ కూడా ఒకటి ఇచ్చారు. అబ్బ, కుళ్ళిన గుడ్డు వాసన! అది కిడ్నీని కాపాడుతుందని కొందరు, అంత లేదని కొందరు అంటారనీ, తన నమ్మకం మాత్రం నీళ్ళ మీదేననీ ఆయనే చెప్పారు. ముక్కు మూసుకుని తాగేశాను.

చెరువు గట్టున కూర్చుని రాస్తున్నాను. వాన వెలిసింది. చాన్నాళ్ళకి ఆకలేస్తోంది, నాకదే పెద్ద సంతోషం. వదినని అడిగానని చెప్పండి.

మీ చెల్లెలు,
విక్టోరియా

తా.క. మీ పొడి ఒక్క చెంచా కూడా వేసుకోలేదు. డబ్బా చూపిస్తే, అందులో ఏమేం కలిపారో రాసి లేదనీ, తెలియని పొడితో కిడ్నీకే ముప్పనీ డాక్టరుగారు మూత పెట్టేశారు. స్కానయ్యేదాకా మీరు ప్రశాంతంగా ఉండాలని ఫోనులో అబద్ధం చెప్పాను, క్షమించండి. కానీ మీరు రెండు డబ్బాలు కొన్నారనీ, రెండోది మీరే తింటున్నారనీ వదిన ఇందాకే ఫోనులో చెప్పారు. నేను ఫోను చేస్తే మాట దాటేస్తారని, ఈ ఉత్తరం, డబ్బా చేపల వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఇవాళే మానేసి రెండు డబ్బాలూ మీ డాక్టరుగారికి చూపించండి. మీ ఒంట్లో ఉన్న కిడ్నీ కూడా నాదే అన్నయ్యా. నన్నడక్కుండా దానికేమీ పెట్టకండి.