బొమ్మకు పెట్టిన పేరు

ఒరేయ్ శీనూ,

మా గుంటూరు ఆసుపత్రికి ఇంగ్లండు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పురుగుమందు తాగినవాళ్లను ఎలా బతికించాలో మన కుర్ర డాక్టర్లకు నేర్పుతోంది. మంచం మీద రబ్బరు బొమ్మను పడుకోబెట్టి, నర్సునైన నన్ను దానికి అక్కగా నటించమంది. ఏడవమంది కూడా. ఏడుపు రాలేదురా, నీ మీద కోపమొచ్చింది. పేషెంటు పేరేంటంటే నీ పేరే చెప్పాను.

"ఇంటి దగ్గర ఏమన్నా తాగించారా అమ్మా?" అనడిగాడు ఒక కుర్ర డాక్టరు.

"కక్కుతాడని మా అమ్మ చింతపండు నీళ్లు పట్టిందండి."

"అలా పట్టకూడదమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే తీసుకురావాలి."

పత్తి పోయి, నువ్వూ పోయిన ఆ ఏడు మన పర్చూరులో మందు తాగినవాళ్లకు అందరూ పట్టింది అవే నీళ్లు. అది తప్పని నేను నర్సునయ్యాకే తెలిసింది. అమ్మకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కుర్రాడు బొమ్మను పక్కకు తిప్పి, గొంతు శుభ్రం చేసి, ఇంజెక్షన్లు ఇచ్చాడు. డాక్టరమ్మ నావైపు తిరిగి, మీ తమ్ముడు బతికాడని ఇంగ్లీషులో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

డ్యూటీ దిగేముందు బొమ్మకు దుప్పటి కప్పాను. మెడ దాకానే కప్పానురా.

అక్క