ఇరమ్ కుర్చీ, మన కుర్చీ

ఏమండీ, బర్కా ఊళ్ళో మా ఖాలాకు జ్వరమట. పిన్ని దగ్గర రెండు రోజులుండి వస్తాను. పప్పుచారు ఫ్రిజ్‌లో పెట్టాను, వేడి చేసుకోండి.

శుక్ర, శనివారాలు మీకు సెలవే కాబట్టి మన బాల్కనీ ఇనుప కుర్చీకి మళ్ళీ రంగు వేయండి. ముందు పెచ్చులూడిన రంగునీ తుప్పునీ గరుకు కాగితంతో పూర్తిగా గీకి, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. ఇవాళ సాయంత్రం అసర్ నమాజయ్యాక, ఇనుము చల్లబడ్డాకే ప్రైమర్ పూయండి. రంగు మాత్రం రేపు పొద్దున ఎండెక్కకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, పలచగా వేయాలి. కాలే ఇనుము మీద వేస్తే రంగు కుంచె కిందే ఎండిపోయి చారలు పడుతుంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? పోయిన వారం పక్క ఫ్లాటు ఇరమ్ కుర్చీకి రంగు వేస్తూ మీరే ఆవిడకు చెప్పారు. "జల్దీ నక్కో మేడమ్, తొందరపడొద్దు, పూర్తిగా ఆరనివ్వాలి" అన్నారు. అంత మెత్తని గొంతు మీకుందని తొమ్మిదేళ్ళ కాపురంలో నాకు తెలియదు. ఆవిడ కుర్చీలో ముఖం చూసుకోవచ్చు. మన కుర్చీకి మాత్రం శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు నుంచి వస్తూనే మండుటెండలో, తుప్పు మీదే, ఒక్క మందపాటి పూత. అందులో కూర్చుని లేచేసరికి కుర్చీ కన్నా నా చుడీదార్‌కే రంగు బాగా పట్టింది.

అసూయ అనుకునేరు. అసూయే.

షాహీన్

తా.క. ఇప్పుడే ఇరమ్ వచ్చి, చెప్పుల స్టాండుకు కూడా మీరు రంగు వేస్తారా అని అడిగింది. మీకు నడుం పట్టేసిందనీ, నెల దాకా వంగలేరనీ చెప్పాను. మెట్ల మీద కనబడితే కాస్త మూలుగుతూ నడవండి.