పూజ వేసిన నా వేషం

సెప్టెంబర్ 2
స్వపరిపాలన దినానికి ఏడో తరగతి పూజ నా వేషం వేస్తుందట... లెక్కల టీచర్‌గా. పొద్దున్నుంచి నా వెనకే తిరుగుతోంది. కుచ్చిళ్లు ఎన్ని పెడతానో కూడా అడిగింది. పైకి కసిరాను. లోపల మురిపెమే.

సెప్టెంబర్ 4
నిజామాబాద్ నుంచి బోధన్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీటు దొరికినా కూర్చోలేదు. చీర నలిగితే పూజ ఆ ముడతలతో సహా దింపేస్తుంది!

సెప్టెంబర్ 5
అచ్చం నేనే. నా పాత కళ్లద్దాలు, నా నీలం చీర, సుద్దముక్క పట్టిన వేలితోనే అద్దాలు పైకి నెట్టడం. టీచర్లమంతా పిల్లల బెంచీల మీద. నాకు చివరి బెంచీ — రుక్మిణి పక్కన. ఇంట్లో మరాఠీ, తరగతిలో మౌనం, అదీ ఆ పిల్ల.

పూజ భిన్నాలు ఎత్తుకుంది. "ఒక చెరుకు గడ. నాలుగు తుంటలు చేసినం. మూడు తిన్నం. నాలుగింట మూడు. సమజైందా? అయింది గదా!" వెంటనే బోర్డు తుడిచేసింది. క్లాసు గొల్లుమంది. నవ్వీ నవ్వీ నాకు కళ్లనీళ్లు.

రుక్మిణి నవ్వలేదు. నోట్సులో లెక్క సగమే ఉంది. రోజూ ఇంతేనా అని మెల్లగా అడిగాను. "గంతే టీచర్. సమజ్ కాలేదని చెప్దామనేసరికి తుడిచేస్తరు."

ఇరవై ఏళ్ల సర్వీసు... సిగ్గేసింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్తే పడీపడీ నవ్వింది. "మీ బాపు నీకు ఎక్కాలు చెప్పినప్పుడు గిట్లనే. అడుగుడు ఆయనే, జవాబు ఆయనే. నువ్వు ఏడ్చుకుంట నా తానికి ఉరికొస్తుంటివి."

నన్ను ఏడిపించిన నాన్న పద్ధతినే కాపీ కొట్టానన్నమాట. పూజను ఏమనగలను?

సెప్టెంబర్ 6
అర్థమైందా అన్నాను. "అయిం—" దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. అందరూ నోట్సుల్లోకి తలలు దించారు.

సెప్టెంబర్ 8
బస్టాండులో చెరుకురసం బండాయనను బతిమాలి ఒక గడ తెచ్చాను. క్లాసులోనే నాలుగు తుంటలు. మూడు చేతిలో పట్టుకుని ఇది ఎంత భాగమని రుక్మిణిని అడిగాను. ఆగాను. ఆగడం ఇంత కష్టమా! ముందు బెంచీలో పూజ, అద్దాలు లేకపోయినా ముక్కు మీద వేలితో పైకి నెడుతోంది.

చివరికి రుక్మిణి లేచింది. "ఇంకోపారి చెప్పుండ్రి టీచర్."

ఆ ఒక్క మాటకు ఎంత సంతోషమో... మళ్లీ మొదలుపెట్టాను. సగంలో బెల్లు. బోర్డు తుడవకుండా వచ్చేశాను.