లేత్ మిషన్‌కు పెట్టిన బొట్టు

విశ్వకర్మ పూజ, రాత్రి

ఈ నెలాఖరుకి అప్పారావు మాస్టారు రిటైరవుతున్నారని ప్రిన్సిపాల్ మేడమ్ పొద్దున స్టాఫ్ మీటింగులో చెప్పారు. ఆయన తర్వాత వర్క్‌షాపు ఇన్‌ఛార్జి ఎవరని అడిగితే, "ఆలోచిస్తున్నాం" అన్నారు. ఇన్నేళ్ళుగా కాంట్రాక్టు మీదే పాఠాలు చెబుతున్నాను కదా, ఆ ఆలోచనలో నా పేరు ఉందో లేదో.

మా కాలేజీలో పూజనాడు మిషన్లకు మొదటి బొట్టు పెట్టేది ఇన్‌ఛార్జే. ఎప్పుడూ మాస్టారే పెట్టేవారు. ఈసారి అందరి ముందూ పళ్ళెం నా చేతికిచ్చారు.

"ఏటమ్మా, అలా సూత్తన్నావు? బొట్టెట్టు."

పళ్ళెం కుడిచేతిలో ఉండిపోయింది. కంగారులో ఎడంచేత్తోనే లేత్ మిషన్‌కి కుంకుమ పెట్టబోయాను.

"కుడి సెయ్యమ్మా!" అని ఆయన అరిస్తే పిల్లలంతా నవ్వారు. చెయ్యి మార్చినా బొట్టు వంకరగానే పడింది. ప్రిన్సిపాల్ మేడమ్ కూడా నవ్వారు. అది ఏం నవ్వో... ఇన్‌ఛార్జి ఎవరో తను తేల్చకముందే మాస్టారు పెత్తనం చేశారనుకున్నారేమో. ప్రసాదం మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

పూజనాడు మిషన్లు నడపం. తెలుగులో ఎంత పలకరించినా హిందీలోనే జవాబిచ్చే మా స్టూడెంట్ సుమిత్ర వెళ్తూ వెళ్తూ అడిగింది: "కల్ పహలే కౌన్‌సీ మషీన్ చలాయేంగే, మేడమ్?"

రేపు ముందు ఏ మిషన్ నడుపుదామని ఏటా మాస్టారినే అడుగుతారు. ఆయన వినపడనట్టు కొబ్బరి చిప్పలు ఏరుకుంటున్నారు.

"రేపు చెబుతాలే" అన్నాను.

ఇన్‌ఛార్జిగా నాకింకా ఆర్డరు రాలేదు. రాకపోవచ్చు కూడా. కానీ రేపు ముందు నడిచేది మాత్రం వంకర బొట్టు పెట్టుకున్న ఆ లేత్ మిషనే.