చల్ల టీ

గాజువాక, 1980, ఆదివారం రాత్రి

సంతోషంతో నిద్ర పట్టడం లేదు. మొదటి రోజే మా ఐసు టీ సీసాలన్నీ అమ్ముడైపోయాయి!

పొద్దున ఫిషింగ్ హార్బర్‌లో సీసా పావలా అంటే ఎవరూ నమ్మలేదు. "ఇంత సవగ్గా ఇత్తన్నావేటి? నిన్న మిగిలిన టీయా?" అన్నారు.

అంతలో ఒక పడవాయన మా బోర్డు చూసి ఆగాడు. పెయింటర్ "చల్లని టీ"లో "ని" మింగేశాడు. ఇక్కడ చల్ల అంటే మజ్జిగ.

"సల్లతో టీ ఏటి బావా? పావలాయే కదా, సూద్దాం!"

తాగాడు. "సల్ల లేదు గానీ బాగుంది, ఇంకోటియ్యి" అన్నాడు. అంతే, అందరూ ఎగబడ్డారు.

పావలాకి ఎన్నాళ్ళు గిట్టుతుందో... ధర పెంచి, బోర్డు దిద్దించమంటోంది మా ఆవిడ. పెంచితే "సూద్దాం" అనేదెవరు? ఆ "ని" రాయడానికి ఎవరొచ్చినా బ్రష్షు లాక్కుంటాను.