పద్నాలుగు బీడీల దూరం

కర్నూలు,
4 మే 2006

గౌరవనీయులైన జ్ఞానరాజు సార్ గారికి,

నమస్కారాలు. ఈ ఉదయం మీరు తిప్పి పంపిన పార్సిలు విప్పాను. మాడ్యూళ్లు రెండూ బాగానే ఉన్నాయి. రబ్బరు మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. కానీ ఒకదాని మూత తీస్తే లోపల చిటికెడు ఎర్రమట్టి ఉంది. కాగితం మీద దులిపాను. పారేయబుద్ధి కాక పొట్లం కట్టి సొరుగులో పెట్టాను.

మీ కాలేజీ కంప్యూటరు గది నుంచి మైదానం అవతలి కొత్త లైబ్రరీ దాకా మూడేళ్ల కిందట మా కంపెనీ నేలలో వేయించింది గాజు తీగ. అందులో కరెంటు పోదు, వెలుగు పోతుంది. రెండు చివర్లా ఆ వెలుగును పంపి, అందుకునే బొటనవేలంత ముక్కే మాడ్యూలు. ఇవి రెండు రకాలు. షార్ట్ రేంజ్‌ది ఐదు వందల మీటర్ల దాకా పనిచేస్తుంది, లాంగ్ రేంజ్‌ది పది కిలోమీటర్ల దాకా. మా మ్యాపులో మీ దూరం రెండు వందల నలభై మీటర్లు. అందుకే షార్ట్ రేంజ్ పంపాను. అదే రకంలో కొత్త జత ఇప్పుడు మళ్లీ పంపుతున్నాను.

ఈసారి రెండు చివరలూ కలిశాయని చూపే దీపం వెలగాలి సార్. ఏ ముక్క పోవాలో ఎంచి సంతకం పెట్టేది నేనే. నా ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ ఈ నెలాఖరుకు తేలుతుంది.

ఇట్లు,
సుప్రజ, స్టోర్సు గుమాస్తా

తా.క.: ఫోను చేయకుండా పార్సిల్లో ఉత్తరం పెడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫోను ఎత్తితే నాకు మాట రాదు. పోయిన వారం మీరు "హలో, ఎవరూ లేరా?" అని మూడుసార్లు అడిగినప్పుడు నేను ఉన్నాను.

*

రాయచోటి,
7 మే 2006

అమ్మా సుప్రజా,

దీవెనలు. కొత్త జత పెట్టినాము. దీపం వెలగలేదు. మట్టి సంగతి నాకు తెలీదు. ఆ మూతలు నేను తీసి, నేనే పెట్టినా. అప్పుడు లోపల ఏమీ లేదు.

దూరం కూడా కొలిచినాము. మా ఆయా గిడ్డమ్మ బట్టలారేసే తాడు తెచ్చింది. మైదానం నడుమ పాత సమాధుల దిబ్బ ఒకటి ఉండాది. ఆడికి వచ్చేసరికి తాడు కొస నా మొహాన విసిరి, "మిగతాది నువ్వు కొలుచుకో సారూ" అని చుట్టు తిరిగి పోయింది. మొత్తం రెండు వందల నలభై. అడుగు ఎక్కువ లేదు.

తాడు చుడుతుంటే మీరు పంపిన మేస్త్రీ వచ్చినాడు. మిట్టమధ్యాహ్నం. సెలవులు గదా, ఇంత కాలేజీలో నేనూ గిడ్డమ్మా ఇద్దరమే. తలకు తువ్వాల, భుజాన పార. ఆ ఎండలో కాళ్లకు చెప్పులు లేవు.

"ఏమప్పా, పైన కొలిస్తే ఏమొస్తాది? తీగ నేరుగా పోలేదు. పద్నాలుగు బీడీల దూరం ఉండాది. దగ్గరి ముక్కతో కాదు. దూరం పోయేది తెప్పించు" అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి మీ దగ్గర ఉంటే ముందే పంపకూడదా తల్లీ? బీడీలతో దూరం కొలవడం మీ ఆఫీసు పద్ధతని నాకు తెలీదు.

మీ మేలు కోరే,
జ్ఞానరాజు, కంప్యూటరు ల్యాబు

తా.క.: మర్యాదకు మజ్జిగ ఇచ్చినా. ఆయన పోయినాక చూస్తే గ్లాసు నిండుగా అట్లే ఉండాది. గిడ్డమ్మ తాగి, ఉప్పు తక్కువన్నది.

*

కర్నూలు,
10 మే 2006

జ్ఞానరాజు సార్ గారికి,

నమస్కారాలు. మేము ఎవరినీ పంపలేదు.

మీ ఉత్తరం మా మేనేజరు వేణుగోపాల్ గారు ఆఫీసులో అందరి ముందూ చదివారు. బీడీల దగ్గర అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతను పోటీ కంపెనీ మనిషని, గేటు దగ్గరే ఆపేయమని మీకు రాయమన్నారు. లాంగ్ రేంజ్ ఇవ్వాలంటే సరైన కొలత కాగితం కావాలట. వెలుగుతో కొలిచే మీటరు కడపలో ఒక్కటే ఉంది. నెలాఖరు దాకా అది ఖాళీ లేదు. "మూడోసారి కూడా తప్పు ముక్క పంపితే జూన్ ఒకటి నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. టీ తాగుతూ అన్నారు.

మీరు మూడు సంగతులు కనుక్కోవాలి. తీగ చివర పెట్టె తెరిస్తే లోపలి పోగు ఏ రంగు? నారింజ రంగైతే లావు పోగు, షార్ట్ రేంజ్‌కి సరిపోతుంది. పసుపైతే సన్న పోగు, దానికి లాంగ్ రేంజే పెట్టాలి. మ్యాపులో నారింజ అని ఉంది. రెండోది, ఆయన లెక్కలో ఒక బీడీ అంటే ఎంత? మూడోది, ఆయన పార కట్టె మీద ఏదైనా గుర్తు ఉందా?

ఇట్లు,
సుప్రజ

తా.క.: గేటు దగ్గర ఆపమని రాయమన్నారు కాబట్టి రాశాను. ఆపొద్దు.

*

రాయచోటి,
13 మే 2006

అమ్మా సుప్రజా,

దీవెనలు. నీ తా.క. చదివేలోపే ఆపినా. గేటుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నా. వెనక్కి తిరిగి గదిలోకి పోతే నా కుర్చీలో కూచోనుండాడు. "కూచో అప్పా" అని నాకే చెప్పినాడు. నేను స్టూలు మీద కూచున్నా.

పెట్టె తెరిచి చూసినా. పసుపు. మీ మ్యాపు తప్పు.

బీడీ లెక్క కూడా అడిగినా. గుంపంతా వరసగా తవ్వుతా పోతే, ఒక బీడీ తాగి ఇంకో బీడీకి కూచునేలోపు అరవై పార కట్టెల కాలువ అవుతాదంట. పార కట్టె మీటరు. అవి పద్నాలుగు.

"ఇంత చిన్న మైదానంలో అంత పొడుగు కాలువ ఎందుకు తవ్వినారు?" అన్నా.

"మొదట నేరుగానే గీత గీసినారప్పా. నడుమ పనిలో మాలో ఒకర్ని ఆ దిబ్బలో పూడ్చాల్సి వచ్చింది. ఆ మన్నులో పార దించడానికి ఎవురికీ చేయి రాలేదు. దిబ్బ చుట్టూ తిప్పి, వంక గట్టు మీదుగా తెచ్చినారు. నారింజ చుట్ట చాలలేదు. కంట్రాక్టరు యాడిదో పెద్ద పసుపు చుట్ట తెచ్చి వేసినాడు. మ్యాపు ఎవురు దిద్దుతారు?" అన్నాడు.

పేరు ఓబుళేశు, ఊరు కోసిగి అన్నాడు. పార కట్టె మీద మూడు వాతలు ఉండాయి, గాజుల మాదిరి. మొత్తం ఎనిమిది వందల నలభై మీటర్లు. మేము ప్రార్థన చేసుకునేవాళ్లం, పిచ్చి పిచ్చివి నమ్మము. గిడ్డమ్మ ఆ పెట్టెకు నిమ్మకాయ కట్టింది. విప్పుదామనుకున్నా గానీ మరిచిపోయినా.

మీ మేలు కోరే,
జ్ఞానరాజు

తా.క.: నీ ఉత్తరం బల్ల మీద ఉంటే శానాసేపు చూసినాడు. చదువు రాదంట. "అక్షరాలు పొందికగా ఉండాయి, అమ్మగార్లు నేర్పినారు" అన్నాడు. నువ్వు కాన్వెంటులో చదివినావా తల్లీ? నాకే తెలీదు, ఆయనకెట్లా తెలిసింది?

*

కర్నూలు,
16 మే 2006

జ్ఞానరాజు సార్ గారికి,

నమస్కారాలు. లాంగ్ రేంజ్ జత పంపుతున్నాను. మేనేజరు గారిని అడగలేదు. స్టోర్సు తాళం నా దగ్గర ఉంటుంది, సంతకం నాది. దీపం వెలగకపోతే నేను ఇంటికి పోతాను. వెలిగితే వెలిగిన రోజు, సమయం రాసి పంపండి.

దీని వెలుగు అసలు కంటికి ఆనదు. లేదనుకొని గొట్టంలోకి చూడొద్దు. కనపడకపోయినా ఉంటుంది. కన్ను పోతుంది.

కాన్వెంటు సంగతి నిజమే. ఇంట్లోవాళ్లు వలస పోయినప్పుడల్లా నన్ను అమ్మగార్ల హాస్టల్లో ఉంచేవారు.

ఇట్లు,
సుప్రజ

తా.క.: స్టోర్సు రిజిస్టరులో "కారణం" అనే గడి ఖాళీగా వదలకూడదు. "పద్నాలుగు బీడీలు" అని రాశాను.

*

రాయచోటి,
20 మే 2006

అమ్మా సుప్రజా,

వెలిగింది! 18వ తేదీ, మధ్యాహ్నం పన్నెండూ పది. పచ్చ దీపం. ప్రభువుకు స్తోత్రం. ఈ చివర పెట్టి, మైదానం దాటి పోయి ఆ చివర పెట్టినా. వెనక్కి వచ్చేసరికి ఓబుళేశు మేస్త్రీ దీపం ముందర గొంతుక్కూచోనుండాడు.

"పాప సరైంది పంపింది" అన్నాడు.

ఏ పాప అన్నా. పార భుజాన వేసుకొని ఎండలోకి పోయినాడు. దిబ్బ దాకా కనపడినాడు.

నిన్న అనుకోకుండా మీటరు ఖాళీ అయ్యి మీ కడప ఆఫీసులో కొలతలు తీసే శేషన్న దాన్ని తీసుకొని వచ్చినాడు. కొలిస్తే ఎనిమిది వందల నలభై రెండు. ఆ రెండు మీటర్లూ గదుల్లోని తీగంట. కొలత కాగితం ఇందులో పెట్టినా, మీ మేనేజరుకు చూపించు.

ఇంకో సంగతి. గిడ్డమ్మ ఈ పదిహేను రోజులూ ఎవరినీ చూడలేదంట. నేను ఖాళీ కుర్చీకి మర్యాదలు చేస్తా, స్టూలు మీద కూచుంటా ఉంటే కిటికీలోంచి చూసిందంట. ప్రిన్సిపాలుకు చెప్పింది. ఆయన నన్ను డాక్టరు దగ్గరికి పంపినాడు.

ఈ పొద్దు దిబ్బ మీదికి నేనే పోయినా. తీగ మలుపు తిరిగే చోట రాళ్లు పేర్చిన మన్ను కుప్ప ఒకటి ఉండాది. తలాపున పార కట్టె పాతినారు. పాతి ఏండ్లయినట్టు ఉండాది, మొదలు చెదలు తినేసినాయి. మూడు వాతలు మాత్రం బాగా తెలుస్తాండాయి. పీకి నీకు పార్సిలు చేయమంటావా?

మీ మేలు కోరే,
జ్ఞానరాజు

తా.క.: ఎండదెబ్బేనని, పూటకో గ్లాసు మజ్జిగ తాగమని డాక్టరు చెప్పినాడు. ఈ కాలేజీలో నాకు దక్కనిది అదొక్కటే.

*

కర్నూలు,
24 మే 2006

జ్ఞానరాజు సార్ గారికి,

నమస్కారాలు. కొలత కాగితం మేనేజరు గారికి ఇచ్చాను. రిజిస్టరులో నేను రాసిన కారణం కూడా చూశారు. తర్వాత, "ఒక బీడీకి అరవయ్యా?" అని అడిగారు. అరవై అన్నాను. ఆ ఆఫీసులో నేను గట్టిగా అన్న మొదటి మాట అది. ఉద్యోగం ఖాయం చేశారు. మ్యాపు దిద్దే పని కూడా నాకే ఇచ్చారు. నేరుగా ఉన్న గీత చెరిపి దిబ్బ చుట్టూ తిప్పి గీశాను.

పార కట్టెను పీకవద్దు. ఆదివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను. ఎర్రమట్టి పొట్లం కూడా తెస్తాను, అది అక్కడే ఉండాలి. మజ్జిగ మీకొక గ్లాసు, గిడ్డమ్మ గారికొక గ్లాసు, ఇంకొకటి. ఉప్పు నేను వేస్తాను.

ఇట్లు,
సుప్రజ

తా.క.: వలస పనుల్లో పారలు తారుమారు కాకుండా ఆ మూడు వాతలు పెట్టింది నేను. ఆరో తరగతి వేసవి సెలవుల్లో, కాల్చిన మేకుతో. ఓబుళేశు మేస్త్రీ మా నాన్న. 2003 మే నెలలో పనిలో వడదెబ్బ తగిలి పోయారు. నేను డిగ్రీ పరీక్షలు రాస్తున్నానని వారం దాకా నాకు కబురు చేయలేదు. గుంపులోవాళ్లు అటునుంచి అటే వేరే పనికి పోయారు. ఆయనను ఎక్కడ పూడ్చారో ఈ నెల దాకా నాకు తెలియదు.